చాసిస్ చివర గీయండి

(ఆఫ్-రోడ్ వాహనాల పోటీకి తయారవుతున్న విద్యార్థి బృందాల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

ఇందాక లోపలికి వస్తూ మీ ల్యాప్‌టాప్‌ల మీద ఓ కన్నేశాను. ఏడెనిమిది స్క్రీన్ల మీద క్యాడ్, అంటే డిజైన్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, తెరిచి ఉంది. అన్నింటిలోనూ ఒకటే బొమ్మ, పైపులతో అల్లిన పంజరం. చక్రాల్లేవు, సీటు లేదు, మనిషి లేడు. పంజరానికి మాత్రం ఒకరు రంగు కూడా వేసేశారు. (నవ్వులు)

నవ్వకండి, మా మొదటి బండికి మేమూ ఇదే చేశాం. పంజరం గీస్తే బండి సగం అయిపోయినట్టు అనిపిస్తుంది, చూసినవాళ్లు కూడా మెచ్చుకుంటారు. సస్పెన్షన్ పాయింట్లు, అంటే చక్రాల్ని బండికి పట్టి ఉంచే కీళ్ల చోట్లు, గీస్తే ఎవరు మెచ్చుకుంటారు? పది చుక్కలు, నాలుగు గీతలు. అందుకని టీమ్‌లో అందరూ పంజరం మీద పడతారు. నేను ఇవాళ అరగంట మాట్లాడినా చెప్పేది ఒక్కటే, చాసిస్, అంటే ఈ పంజరం, చివర గీయండి. ముందు మనిషిని కూర్చోబెట్టండి, ఆ తర్వాత నాలుగు చక్రాలు నిలబెట్టండి, చక్రాన్ని పట్టుకునే పాయింట్లు ఎక్కడ ఉండాలో తేల్చండి. పైపు ఎక్కడెక్కడ కావాలో ఆ పాయింట్లే చెబుతాయి.

మా కథ చెబుతాను. మూడు వారాల్లో పంజరం గీసేశాం. ఆ తర్వాత సస్పెన్షన్ చూసే కుర్రాడు వచ్చి, కింది ఏ-ఆర్మ్, అంటే చక్రాన్ని చాసిస్‌కి కలిపే చేయి, ఇక్కడ బిగించాలి అన్నాడు. అక్కడ పైపు లేదు. దగ్గర్లో ఉన్న పైపుకి నడిమధ్యలో బ్రాకెట్ వెల్డ్ చేశాం. ఆ తర్వాత స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి చక్రాల్ని తిప్పే కడ్డీ, పెట్టబోతే బ్రేక్ పెడల్‌కి తగిలింది. ర్యాక్‌ని 20 మిల్లీమీటర్లు పైకి జరిపాం. ఇరవయ్యే కదా, వేలెడు కూడా లేదు అనుకున్నాం. మొదటిసారి ట్రాక్ మీదకి తీసుకెళ్లిన రోజు, ప్రతి గుంతకీ స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు తిరిగింది. డ్రైవర్ దిగి బొటనవేళ్లు చూపించింది. వాచిపోయాయి. ఎందుకలా అయిందో కాసేపట్లో చెబుతాను.

ముందు మనిషి సంగతి. మనం తయారవుతున్న ఈ బాజా ఎస్‌ఏఈ పోటీ 1976లో అమెరికాలో, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాని నియమాల పుస్తకం చదివితే ఒక విషయం గమనిస్తారు. పంజరం ఎలా ఉండాలో చెప్పేటప్పుడు ప్రతి కొలతా మనిషి దగ్గర్నుంచే మొదలవుతుంది. హెల్మెట్‌కీ పంజరం గీతకీ మధ్య కనీసం 152 మిల్లీమీటర్లు, మిగతా ఒంటికి 76 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. బెల్టులు బిగించుకుని కూర్చున్న డ్రైవర్ 5 సెకన్లలో బయటికి రావాలి. ఈ మూడూ కంప్యూటర్లో తేలవు. ప్లాస్టిక్ నీళ్ల పైపులు కొనుక్కొచ్చి, టేపు చుట్టి, నిజం సైజులో ఒక ఉత్తుత్తి పంజరం కట్టండి. మీ టీమ్‌లో అందరికన్నా పొడుగువాణ్ణీ, అందరికన్నా పొట్టిగా ఉన్నవాళ్లనీ హెల్మెట్ పెట్టి మరీ కూర్చోబెట్టండి. మోచేయి ఎక్కడ తగులుతోంది, మోకాలు స్టీరింగ్ కింద పడుతోందా, షూ వేసుకున్న కాలు రెండు పెడల్స్ మధ్య ఇరుక్కుంటోందా, అన్నీ ఒక సాయంత్రంలో తెలిసిపోతాయి. మా ర్యాక్ పెడల్‌కి తగిలిన గొడవ ఇక్కడే బయటపడేది.

ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పను. ఈ పోటీలో ఇంజిన్ అందరికీ ఒకటే. చాలా ఏళ్లు 10 హార్స్‌పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజినే నడిచింది. అంత చిన్న శక్తితో ఒకరు ముందుకెళ్లి ఒకరు వెనకపడుతున్నారంటే తేడా బరువులో, సస్పెన్షన్‌లో, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసులో విరగకుండా నిలబడ్డంలో ఉన్నట్టే.

ఇక చక్రాలు. రెండు చక్రాల మధ్య వెడల్పు, అంటే ట్రాక్, దానికి తోడు గరిమనాభి ఎత్తు, అంటే బండి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు నేలకి ఎంత ఎత్తులో ఉందో. ట్రాక్‌ని ఎత్తుకి రెట్టింపుతో భాగించండి. 1300 మిల్లీమీటర్ల ట్రాక్, 550 ఎత్తు అయితే 1.18 వస్తుంది. బండిని పక్కకి వంచితే దాదాపు 50 డిగ్రీల దగ్గర పడిపోతుందని దాని అర్థం. సస్పెన్షన్ నొక్కుకుంటుంది, టైరు వంగుతుంది కాబట్టి నిజంగా అంతకంటే ముందే పడుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ, ఎక్కువ కావాలని బండిని పైకి లేపేవాళ్లు ఈ లెక్క పక్కన రాసుకుని లేపండి. గరిమనాభి ఎత్తుని క్యాడ్ చెప్పిందని నమ్మకండి. క్యాడ్‌లో వైర్లుండవు, పెయింట్ ఉండదు, డ్రైవర్ పొట్ట ఉండదు. (నవ్వులు) బండి తయారయ్యాక నాలుగు చక్రాల కిందా తూకం యంత్రాలు పెట్టి, ముందు భాగాన్ని పైకి లేపి, వెనక చక్రాల మీద పెరిగిన బరువుని బట్టి లెక్కగట్టండి. లేపేటప్పుడు షాక్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు, కదలకుండా లాక్ చేయడం మరిచిపోవద్దు. మేం మరిచిపోయాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. సస్పెన్షన్ అనగానే, ఏ స్ప్రింగ్ వేయాలి మేడం అని అడుగుతారు. స్ప్రింగ్ నుంచి మొదలుపెడితే దారి తప్పుతాం. మనిషి కూర్చున్నాక బండి తన చక్రాల మీద ఎంత కిందికి దిగాలి? అక్కడ్నుంచి మొదలుపెట్టండి. స్ప్రింగ్ ఎంత నొక్కినా గట్టితనం మారకపోతే ఒక చిన్న సూత్రం సరిపోతుంది. 248ని ఫ్రీక్వెన్సీ, అంటే బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య, వర్గంతో భాగిస్తే దిగుడు మిల్లీమీటర్లలో వస్తుంది. సెకనుకి 1.5 ఊపులు కావాలనుకుంటే 110 మిల్లీమీటర్లు దిగుతుంది. 2 ఊపులకి 62. ఇప్పుడు మీ చక్రం మొత్తం ప్రయాణం 250 మిల్లీమీటర్లు అనుకోండి. 1.5 తీసుకుంటే దాదాపు సగం ప్రయాణం నిలబడ్డానికే అయిపోయింది, మిట్ట ఎక్కడానికి 140 మిగిలింది. 1.8 తీసుకుంటే 77 దిగుతుంది, అంటే 30 శాతం పైచిలుకు. నాకు ఆ చుట్టుపక్కల నచ్చుతుంది. మరీ గట్టిగా చేసి దిగుడు 20 శాతానికి తగ్గిస్తే, చిన్న గుంత మీద చక్రం కిందికి సాగడానికి చోటు చాలక నేల వదిలేస్తుంది. గాల్లో ఉన్న చక్రం తిప్పదు, ఆపదు, లాగదు.

ఆ 1.8నే పట్టుకుని బండి ఒక మూలకి, అంటే ఒక చక్రానికి, లెక్క చేద్దాం. ఆ మూల స్ప్రింగ్ మీద కూర్చున్న బరువు 50 కిలోలు అనుకోండి. చక్రం దగ్గర కావలసిన గట్టితనం మిల్లీమీటరుకి 6.4 న్యూటన్లు. బాగుంది కదా అని వెళ్లి 6.4 స్ప్రింగ్ కొనేస్తారు. కొనకండి. షాక్ చక్రం మీద లేదు, ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంది. చక్రం 10 కదిలితే షాక్ 6 కదులుతోంది అనుకోండి. ఈ నిష్పత్తినే మోషన్ రేషియో అంటారు, ఇక్కడ 0.6. చక్రం దగ్గర మీకు దొరికేది స్ప్రింగ్ గట్టితనంలో 0.6 కాదు, దాని వర్గం, 0.36. ఎందుకు వర్గం? బలం ఒకసారి తగ్గుతుంది, కదలిక ఇంకోసారి తగ్గుతుంది. కాబట్టి మీకు కావలసింది 17.8 న్యూటన్ల స్ప్రింగ్. ఏటా ఏదో ఒక టీమ్ ఈ వర్గం దగ్గర బోల్తా పడుతుంది, బండి పొట్ట నేలకి ఆనించుకుని నా దగ్గరికి వస్తుంది.

ముందు వెనకల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తా. గుంత ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రానికి ఆలస్యంగా తగులుతుంది. వెనక స్ప్రింగ్ కాస్త త్వరగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది, బండి తల ఊపదు. 1930ల్లో క్యాడిలాక్‌లో మారిస్ ఆలీ అనే ఇంజినీరు, బరువులు అటూ ఇటూ జరపగలిగే ఒక కారుని తయారుచేసుకుని దీన్ని పట్టుకున్నాడు. కానీ అది నున్నటి రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కార్ల మాట. మన రేసు ట్రాక్‌లో ఒకే వేగం ఎక్కడుంది? వెనక కొంచెం ఎక్కువ పెట్టి, మిగతాది టెస్టింగ్‌లో చూసుకోండి.

సరే, బొటనవేళ్ల కథ. దీన్ని బంప్ స్టీర్ అంటారు. చక్రం పైకి లేచినప్పుడు పై ఆర్మ్, కింది ఆర్మ్ తమ లోపలి పివట్ల, అంటే చాసిస్ వైపు కీళ్ల, చుట్టూ చాపాల్లో తిరుగుతాయి. చక్రం ఎలా కదలాలో ఆ రెండూ కలిసి నిర్ణయిస్తాయి. స్టీరింగ్ ర్యాక్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కూడా అదే చక్రానికి కట్టి ఉంది, దానికీ సొంత చాపం ఉంది. ఈ దారీ ఆ దారీ కలిశాయా, గొడవ లేదు. కలవకపోతే టై రాడ్ పొడవు మారదు, ఆర్మ్‌లు జరగవు, చివరికి చక్రమే తిరగాల్సి వస్తుంది. స్టీరింగ్ మీరు తిప్పకపోయినా చక్రం తిరుగుతుంది. బండిని ముందు నుంచి చూసి పై ఆర్మ్ గీతనీ కింది ఆర్మ్ గీతనీ లోపలికి పొడిగించండి. ఎక్కడో కలుస్తాయి. టై రాడ్ గీత కూడా ఆ బిందువు గుండానే పోవాలి. టై రాడ్ లోపలి కీలు, రెండు ఆర్మ్‌ల లోపలి పివట్లని కలిపే గీత మీద ఉండాలి. బయటి కీలు కూడా అలాగే, ఆర్మ్‌లు చక్రం వైపు కలిసే రెండు బాల్ జాయింట్లని కలిపే గీత మీద. అంటే ర్యాక్ పొడవూ ఎత్తూ మీ ఇష్టం కాదు, సస్పెన్షన్ చెప్పినట్టు ఉండాలి. మేం చేసిందేమిటి? పెడల్ చెప్పినట్టు పెట్టాం. ర్యాక్ 20 పైకి జరిగేసరికి ఆ గీత బిందువుని తప్పింది.

దాన్ని సరిచేయడానికి ఎంత పట్టిందో తెలుసా? ముందు భాగంలో రెండు పైపులు కోసేసి మళ్లీ వెల్డ్ చేశాం. పంజరం ముందే గీసేసుకున్నందుకు అదీ మాకు పడ్డ జరిమానా.

ఇంకో లెక్క. బండి ఎగిరి అర మీటరు ఎత్తు నుంచి నేల మీద పడింది. గాల్లో చక్రాలు పూర్తిగా కిందికి వేలాడుతుంటాయి కాబట్టి 250 మిల్లీమీటర్ల ప్రయాణమంతా అందుబాటులో ఉంది. ఆ ప్రయాణం పొడుగునా ఒకే బలంతో ఆపగలిగితే బండి బరువుకి 3 రెట్లు చాలు. ఊపుని అణిచే డ్యాంపర్ లేకుండా ఒట్టి స్ప్రింగే ఆపితే చివర్లో 6 రెట్లు. స్ప్రింగ్ చాలక, ప్రయాణం చివర అడ్డుపడే బంప్ స్టాప్ దగ్గర 20 మిల్లీమీటర్లలో అంతా ఆగాల్సి వస్తే 26 రెట్లు. ఒకే బండి, ఒకే ఎత్తు. చాసిస్‌కి ఎంత బలం కావాలో సస్పెన్షన్ తేలక ముందు ఎలా చెబుతారు? మూడు రెట్లకి గీస్తారా, ఇరవై ఆరు రెట్లకి గీస్తారా? చివర గీయండి అని నేను మొండిగా అనేది ఇందుకే.

ఇప్పుడు గీద్దాం. ఆర్మ్ పివట్లు, షాక్ పై కీళ్లు, ఇంజిన్ బిగింపులు, సీటు బెల్టుల పాయింట్లు, ఇవన్నీ గాల్లో చుక్కలుగా ఉన్నాయి. ప్రతి చుక్కనీ ఒక జాయింట్ చేయండి, కనీసం మూడు పైపులు కలిసే చోటు చేయండి. పైపు పొడవునా లాగితే, నొక్కితే చాలా భారానికి నిలబడుతుంది. నడుం మీద కొడితే వంగిపోతుంది. మేం పైపు నడిమధ్యలో బ్రాకెట్ పెట్టాం అన్నానే, ఆ పైపు రెండో రోజు టెస్టింగ్‌కి అరటి పండులా తయారైంది. చతురస్రం కనిపించిన చోటల్లా మూల నుంచి మూలకి ఒక పైపు పడుతుందా చూడండి. డ్రైవర్ దిగే చోట పడదు, అక్కడ వేరే ఉపాయం చూడాలి.

ఏ పైపు? నియమాల పుస్తకంలో ఒక ప్రామాణిక పైపు ఉంది, అంగుళం వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, 0.18 శాతానికి తగ్గని కార్బన్. వేరేది వాడాలంటే వంపుకి దానంత గట్టిదీ, దానంత బలమైనదీ అని లెక్క చూపించాలి. మందం 1.57కి తగ్గకూడదు. లెక్క చేసి చూడండి. అంగుళం పైపు మీటరుకి 1.66 కిలోలు తూగుతుంది. దాని బదులు అంగుళంపావు వ్యాసం, 1.65 మందం తీసుకుంటే మీటరుకి 1.22 కిలోలే. వంపుకి 31 శాతం ఎక్కువ గట్టి, బరువు 26 శాతం తక్కువ. లోహాన్ని మధ్య గీతకి దూరంగా జరిపితే వచ్చే లాభం ఇది.

ఇక్కడే ఒక అపోహ. 4130 క్రోమోలీ అనే మిశ్రమ స్టీలు వాడితే చాసిస్ గట్టిగా ఉంటుందని అందరూ అంటారు. గట్టిదనం వేరు, బలం వేరు. వంగే విషయంలో అన్ని స్టీళ్లూ దాదాపు ఒకటే, లెక్కల్లో గట్టిదనం అన్నింటికీ 205 గిగాపాస్కల్స్ వేసుకోమని నియమాల పుస్తకమే చెబుతుంది. 4130 ఎక్కువ భారం మోస్తుంది, అంతే. ఒకే సైజు పైపు అయితే మామూలు స్టీలు వంగినంతే వంగుతుంది. సన్నని గోడ పైపులు వాడుకోవడానికి ఆ బలం పనికొస్తుంది, అక్కడ దాని విలువ.

ఎఫ్ఈఏ బొమ్మల గురించి, అంటే బలం పడితే చాసిస్ ఏమవుతుందో కంప్యూటర్ రంగుల్లో చూపించే లెక్క గురించి, నాకు కాస్త చిరాకు ఉంది, దాచుకోను. రిపోర్ట్‌లో పది పేజీలు ఎరుపూ పచ్చా బొమ్మలు, కింద ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 2.3 అని, అంటే వేసిన బలానికి 2.3 రెట్లు తట్టుకుంటుందని, ఉంటుంది. నేను రెండే అడుగుతాను, బలం ఎంత వేశావు, ఎక్కడ పట్టుకున్నావు? నాలుగు సస్పెన్షన్ పాయింట్లని బండరాయికి సిమెంట్ చేసినట్టు పట్టుకుని ముందు నుంచి తోస్తే ఏ చాసిస్ అయినా పాసవుతుంది. నిజం బండి దేనికీ అతికించి ఉండదు. ముందు కుడి చక్రం ఒక్కటే రాయెక్కినప్పుడు పంజరం మెలి తిరుగుతుంది, ఆ కేసు చాలామంది చేయనే చేయరు. పైపుల చాసిస్‌కి ప్రతి పైపునీ ఒక గీతలా లెక్కేసే బీమ్ ఎలిమెంట్లు చాలు, నిమిషాల్లో జవాబు వస్తుంది. మిగిలిన టైమ్‌లో అసలు పంజరాన్ని వెనక గట్టిగా బిగించి, ముందు ఒక మీటరు పొడవు రాడ్డు కట్టి, చివర బరువు వేలాడదీసి, ఎన్ని డిగ్రీలు మెలి తిరిగిందో డయల్ గేజ్‌తో చూడండి. కంప్యూటర్ చెప్పిందీ ఇదీ పక్కపక్కన రాయండి. తేడా ఎక్కడ వచ్చిందో వెతుకుతుంటే మీకు వచ్చే చదువు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రాదు.

వెల్డింగ్ గురించి త్వరగా. పైపు చివర ఇంకో పైపు గుండ్రానికి సరిగ్గా అతకాలి, సందుంటే వెల్డర్ లోహం పోసి పూడుస్తాడు, చూడ్డానికి బాగానే ఉంటుంది, అక్కడే విరుగుతుంది. అన్ని జాయింట్లకీ ముందు చిన్న చిన్న టాక్‌లు, అంటే చుక్కల్లాంటి తాత్కాలిక వెల్డ్‌లు, పెట్టి, కొలతలు చూసుకుని, అప్పుడు పూర్తిగా వెల్డ్ చేయండి, అదీ ఒక పక్క ఒకటి ఎదుటి పక్క ఒకటి. ఒకే వైపు నుంచి చేసుకుంటూ పోతే పంజరం ఆ వైపుకి లాగేస్తుంది. వెల్డింగ్ చేసే మనిషి చేత ముందు ముక్కల మీద చేయించి, విరిచి చూడండి. వెల్డ్ ఊడిందా, పైపు చిరిగిందా? పైపే చిరగాలి.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తా. రాడ్ ఎండ్‌లు. అంటే మర కాడ ఉన్న కీళ్లు. చాలా టీమ్‌లు కింది ఆర్మ్ బయటి చివర రాడ్ ఎండ్ పెడతాయి, క్యాంబర్, అంటే చక్రం పక్కకి వాలే కోణం, సులువుగా మార్చుకోవచ్చని. రాడ్ ఎండ్ లాగుడుకీ నొక్కుడుకీ పుట్టింది. దాని మరల మీద అడ్డంగా బలం పడితే ప్రతి మరా ఒక పగులుకి విత్తనమే. కింది ఆర్మ్ చివర మొత్తం గుంత బలమూ అడ్డంగానే పడుతుంది. మా బండి ఎండ్యూరెన్స్‌లో రెండో గంట దాటాక ముందు ఎడమ చక్రం పక్కకి పడుకుంది. విరిగిన ముక్క చూస్తే సగం పాతబడి నల్లగా, సగం కొత్తగా మెరుస్తూ ఉంది. అంటే ఎప్పట్నుంచో పగులుతూనే ఉంది, మేం చూడలేదు. అక్కడ బాల్ జాయింటో, ఆర్మ్‌లోకి నొక్కి కూర్చోబెట్టిన స్ఫెరికల్ బేరింగో పెట్టండి. క్యాంబర్ సర్దుబాటు పై ఆర్మ్‌లో లోపలి వైపు చేసుకోవచ్చు.

అడగండి.

(ఒక విద్యార్థిని: మేడం, వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ మంచిదా, డబుల్ విష్‌బోనా, అంటే పైనా కిందా రెండు ఏ-ఆర్మ్‌లా?)

నాకు ట్రెయిలింగ్ ఆర్మ్, అంటే ముందు నుంచి వెనక చక్రం దాకా సాగే చేయి, దానికి అడ్డంగా రెండు లింకులు ఇష్టం. ఎక్కువ ప్రయాణం దొరుకుతుంది, దెబ్బ తగిలినప్పుడు చక్రం కొంచెం వెనక్కి కూడా జరుగుతుంది. కానీ ఆర్మ్ పొడుగ్గా ఉంటుంది, మెలి తిరక్కుండా చేయాలంటే బరువు పెరుగుతుంది. మీ యాక్సిల్ కీళ్లు ఎంత కోణం వరకు వంగగలవో ముందు చూడు. చాలాసార్లు ప్రయాణాన్ని ఆపేది సస్పెన్షన్ కాదు, ఆ కీలే.

(ఒక విద్యార్థి: చాసిస్ చివర గీస్తే పైపులు ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి? టైమ్ సరిపోదు కదా మేడం.)

మంచి ప్రశ్న. నిజమే, చివర అంటే పోటీకి ముందు వారం అని కాదు. పైపు సైజు మనిషి కూర్చోక ముందే లెక్కతో తేలుతుంది, మొత్తం పొడవు ఉజ్జాయింపుగా తెలుసు, ఆర్డర్ పెట్టేయొచ్చు. పంజరం ఉజ్జాయింపు బొమ్మ కూడా పక్కన ఉండనివ్వు, లేకపోతే పాయింట్లు అసాధ్యమైన చోట పెడతారు. నేనడిగేది ఒకటే, పాయింట్లకీ పైపుకీ తగువు వచ్చిన రోజు పైపు జరగాలి. పాయింట్లు ఖరారు చేసే తేదీ ఒకటి గోడ మీద రాసుకోండి. ఆ తేదీ తర్వాత పాయింట్ జరపాలంటే టీమ్ మొత్తం ఒప్పుకోవాలి.

(మరో విద్యార్థి: మా దగ్గర పాత బండి షాక్‌లు ఉన్నాయి. కొత్తవి కొనే డబ్బు లేదు.)

అయితే నీ పని ఇంకా సులువైంది. రెండు చివర్ల కన్నాల మధ్య పొడవు, స్ట్రోక్ అంటే షాక్ నొక్కుకునే దూరం, ఈ రెండూ నీకు ముందే తెలిసిపోయినట్టే కదా. స్ట్రోక్ ఎంత?

(విద్యార్థి: నూట యాభై.)

నూట యాభై. చక్రానికి 250 కావాలంటే మోషన్ రేషియో 0.6 చుట్టుపక్కల పడుతుంది. ఇందాకటి లెక్కే, స్ప్రింగ్ మాత్రం కొలిచి చూడు. నీదేనా ఆ రంగేసిన పంజరం? (నవ్వులు) డిలీట్ చేయకు, పక్కన పెట్టు. కొత్త ఫైల్ తెరువు, ముందు సీటు పెట్టు. మిగతావాళ్లు టీ తాగి రండి, నేను ఇతని పక్కన కూర్చుంటా.